ఏడు శాతం లెక్క: షికాగో సిటీ కాలేజీల్లో పంతుళ్లు ఎందుకు ఎదురుతిరిగారు?

షికాగో నగరంలో ఒకే యాజమాన్యం కింద ఏడు ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలున్నాయి. ఏడింటినీ కలిపి సిటీ కాలేజెస్ ఆఫ్ షికాగో అంటారు. 2010లో అక్కడ పాలన చేతులు మారింది. కొత్త యాజమాన్యం వస్తూనే ఒక అంకెను ఊరంతా చాటింది: చేరినవాళ్లలో డిగ్రీ చేతపట్టుకుని బయటికి వస్తున్నది నూటికి ఏడుగురే. పన్ను కట్టే మనిషి ఈ మాట వింటే ఏమనుకుంటాడు? కాలేజీలు పాడైపోయాయి, పంతుళ్లు పనిచేయడం లేదు, గట్టివాళ్లెవరో వచ్చి బాగుచేయాలి అనుకుంటాడు. గట్టి మనిషే వచ్చారు. ఆరేళ్లు తిరిగేసరికి ఆ అంకె రెట్టింపు దాటింది. సరిగ్గా ఆ సమయంలోనే, 2016 ఫిబ్రవరిలో, ఏడు కాలేజీల అధ్యాపక ప్రతినిధుల మండలి ఆ అధిపతి మీద అవిశ్వాస తీర్మానం చేసింది.

ఫలితాలు పెరుగుతుంటే పాఠాలు చెప్పేవాళ్లకు కోపమెందుకు? ఉద్యోగ భయమనో, పాత అలవాట్లు మానుకోలేకనో చెప్పేసి ఊరుకోవచ్చు. అందులో కొంత నిజం ఉందనే నేను కూడా అనుకుంటున్నాను. అయితే అసలు తగువు అక్కడ లేదు. ఒక విద్యార్థి గెలిచాడని ఎప్పుడు అనాలి, ఆ మాట అనే హక్కు ఎవరిది అన్న దగ్గర ఉంది. అది తెలియాలంటే ముందు ఈ కాలేజీలు ఏమిటో, ఆ ఏడు శాతాన్ని ఎలా లెక్కగట్టారో చూడాలి.

మనవాళ్లకు అమెరికా చదువంటే ఎమ్మెస్. పెద్ద విశ్వవిద్యాలయాల పేర్లు తెలిసినంతగా కమ్యూనిటీ కాలేజీల పేర్లు తెలియవు. ఇవి రెండేళ్ల కాలేజీలు. షికాగో పక్కనున్న జోలియెట్ ఊళ్లో 1901లో మొదటిది పుట్టింది. షికాగోలో 1911లో క్రేన్ జూనియర్ కాలేజీ పేరుతో మొదలైంది. ఇప్పటి మాల్కమ్ ఎక్స్ కాలేజీ దాని వారసురాలే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ 1947లో ఇలాంటి కాలేజీలు దేశమంతటా ఉండాలని చెప్పింది. ట్రూమన్ పేరుతో షికాగోలో ఒక కాలేజీ కూడా ఉంది. ఎంట్రన్సు పరీక్ష ఉండదు, హైస్కూలు గట్టెక్కిన వాళ్లెవరికైనా తలుపులు తెరిచే ఉంటాయి. రెండేళ్లలో అసోసియేట్ డిగ్రీ తీసుకోవచ్చు; నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారిపోవచ్చు; వెల్డింగో, నర్సింగ్ సహాయకుల పనో, వంటపనో నేర్చుకుని సర్టిఫికెట్ పట్టుకుపోవచ్చు. కొత్తగా వలస వచ్చినవాళ్లు ఇంగ్లీషు నేర్చుకునేదీ, స్కూలు మధ్యలో మానేసినవాళ్లు పెద్దయ్యాక హైస్కూలు చదువుకు సమానమైన పరీక్ష రాసేదీ ఇక్కడే.

షికాగోలో ఈ కాలేజీలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, లాటినోలు. పగలంతా పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చేవాళ్లు, పిల్లల తల్లులు చాలామంది. హైస్కూలు పాసయ్యారు కాబట్టి కాలేజీ స్థాయి లెక్కలు వచ్చినట్టే అనుకోవడానికి వీల్లేదు. చాలామందికి ముందు స్కూలు లెక్కలు, ఇంగ్లీషు మళ్లీ నేర్పాలి. అందుకు పట్టే నెలలు డిగ్రీ ఖాతాలో పడవు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు అంకె సంగతి. అమెరికాలో ప్రతి కాలేజీ తన గ్రాడ్యుయేషన్ రేటు బయటపెట్టాలని 1990లో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం వెనకున్న సెనేటర్లలో ముఖ్యుడు బిల్ బ్రాడ్లీ ఒకప్పటి బాస్కెట్‌బాల్ ఆటగాడు. కాలేజీలు ఆటగాళ్లను మైదానంలో వాడుకుని చదువు లేకుండా వదిలేస్తున్నాయన్న బాధ ఆ చట్టానికి ఒక మూలం. ఎందుకోసమో పుట్టిన కొలబద్ద చివరికి పేటల్లోని కాలేజీల తలరాత రాసింది. ఆ లెక్క ఇలా కడతారు. కాలేజీ చదువు మొదటిసారి మొదలుపెట్టినవాళ్లను, పూర్తికాలం చదివేవాళ్లను, డిగ్రీ కోసమే చేరామన్నవాళ్లను తీసుకుంటారు. రెండేళ్ల డిగ్రీకి మూడేళ్ల గడువిస్తారు. ఆలోగా పూర్తిచేసినవాళ్లు ఎంతమందో చూస్తారు. అంతే.

ఈ లెక్కలోంచి జారిపోయేవాళ్లను చూడండి. ఉద్యోగం చేస్తూ సెమిస్టరుకు రెండు సబ్జెక్టులు చదివే పార్ట్‌టైమ్ విద్యార్థి మొదలే లెక్కలో లేడు. కమ్యూనిటీ కాలేజీల్లో సగానికి మించి అలాంటివాళ్లే. వేరే కాలేజీలో కొంత చదివి వచ్చినవాడు లేడు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన వలస తల్లి లేదు. నాలుగో ఏట డిగ్రీ తీసుకున్నామె ఓడినట్టే. అన్నిటికంటే విచిత్రం, ఏడాదిన్నర చదివి డిగ్రీ తీసుకోకుండా ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుని వెళ్లిపోయిన కుర్రాడి సంగతి. వాడిని బదిలీల కింద వేరే గడిలో వేస్తారు తప్ప గ్రాడ్యుయేషన్ రేటులో కలపరు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాల్సిన మనిషి సూర్యాపేటలో దిగి, అంతకంటే వేగంగా పోయే బస్సెక్కితే, మొదటి బస్సు కండక్టరు అతన్ని ఊరు చేరనివాడి కింద రాసుకున్నట్టు ఉంటుంది ఇది.

అంతమాత్రాన ఏడు శాతం అబద్ధమని కాదు. లెక్కను ఎంత సవరించినా షికాగో పరిస్థితి బాగుందని ఎవరూ చెప్పలేరు. పూర్తికాలం చదవడానికి వచ్చిన పిల్లల్లోనే అంతమంది మధ్యలో మాయమవుతుంటే ఏళ్ల తరబడి ఎవరూ గట్టిగా అడగలేదు. సలహాలిచ్చే సిబ్బంది చాలక, ఏ సబ్జెక్టు తీసుకుంటే ఏ డిగ్రీకి పనికొస్తుందో తెలియక, పనికిరాని క్రెడిట్లు పోగేసుకున్నవాళ్లున్నారు. పంతుళ్ల సంఘం తన డిమాండ్ల కోసం 2004లో మూడు వారాలు సమ్మె చేసింది. పిల్లలు రాలిపోతున్న సంగతి మీద అంత పట్టుదల చూపలేదు. సంస్కర్తలకు తలుపు తెరిచి ఉంచింది ఈ ఉదాసీనతే.

ఆ తలుపులోంచి వచ్చినావిడ షెరిల్ హైమన్. మేయర్ రిచర్డ్ ఎమ్. డేలీ హయాంలో 2010లో చాన్సలర్, అంటే ఏడు కాలేజీల అధిపతి, అయ్యారు. అప్పటిదాకా కామన్వెల్త్ ఎడిసన్ అనే విద్యుత్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. కాలేజీ నడిపిన అనుభవం లేదు. మరోవైపు, పేదల ప్రభుత్వ గృహసముదాయాల్లో పెరిగి, ఇదే సంస్థలోని ఆలివ్-హార్వీ కాలేజీలో చదివి పైకొచ్చిన మనిషి. పేదపిల్లల మీద ఆవిడకు పట్టింపు లేదని శత్రువులు కూడా అనలేరు. ఆవిడ మొదలుపెట్టిన కార్యక్రమం పేరు రీఇన్వెన్షన్.

ఇక్కడ చిన్న వివరణ అవసరం. తెలుగునాట కార్పొరేట్ కాలేజీ అంటే ఇంటర్ ర్యాంకుల ఫ్యాక్టరీ, యజమాని ప్రైవేటు. షికాగోలో కాలేజీలను ఎవరూ అమ్మలేదు, కొనలేదు. ప్రభుత్వ సంస్థగానే ఉంచి, కంపెనీని నడిపే పద్ధతిలో నడిపారు. పైన లక్ష్యం పెడతారు, ప్రతి కాలేజీకీ స్కోరు ఉంటుంది, స్కోరు తగ్గితే మనుషులు మారతారు. కాలేజీల ప్రెసిడెంట్లను తమ ఉద్యోగాలకే మళ్లీ దరఖాస్తు చేసుకోమన్నారు. వాళ్లలో ఎక్కువమంది మారిపోయారు. డిగ్రీలు, సర్టిఫికెట్లు ఎన్ని ఇచ్చారన్నది అందరి పనితీరుకూ ప్రధాన కొలత అయింది.

ఈ గాలి షికాగోలో మాత్రమే వీయలేదు. 2009లో అధ్యక్షుడు ఒబామా కమ్యూనిటీ కాలేజీల కోసం 1,200 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. చేతికొచ్చింది అందులో 200 కోట్లే. డబ్బు కరిగిపోయినా, పట్టభద్రుల సంఖ్య పెంచాలన్న లక్ష్యం మాత్రం నిలిచింది. గేట్స్ ఫౌండేషన్, లుమీనా ఫౌండేషన్ అదే లక్ష్యం మీద నిధులు గుమ్మరించాయి. ఒబామా దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన రామ్ ఇమాన్యుయేల్ 2011లో షికాగో మేయర్ అయ్యారు. ఆ డిసెంబరులోనే కాలేజ్ టు కెరీర్స్ అనే పథకం ప్రకటించారు. దీని ప్రకారం ఒక్కో కాలేజీ ఒక్కో పరిశ్రమకు కేంద్రం: మాల్కమ్ ఎక్స్‌కు ఆరోగ్యరంగం, ఆలివ్-హార్వీకి రవాణా, సరుకు పంపిణీ, కెనెడీ-కింగ్‌కు వంట, హోటళ్లు, డేలీకి ఆధునిక తయారీ, హెరాల్డ్ వాషింగ్టన్‌కు వ్యాపారం, రైట్‌కు ఐటీ. ట్రూమన్ వాటాకు విద్యారంగం వచ్చింది. ఆస్పత్రులు, కంపెనీలు వచ్చి సిలబస్ గురించి చెబుతాయి. కాలేజీ ఆ ప్రకారం పిల్లలను తయారుచేసి పంపుతుంది.

వినడానికి బాగానే ఉంది. మాల్కమ్ ఎక్స్‌కు 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కొత్త భవనం లేచింది. నర్సింగు పిల్లలకు నిజమైన ఆస్పత్రిని తలపించే ప్రయోగశాలలు వచ్చాయి. ఎవరు కాదంటారు? చిక్కు ఎక్కడంటే, షికాగో చిన్న ఊరు కాదు. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు సిటీ బస్సులో, రైల్లో వెళ్లాలంటే గంటన్నర పైనే పట్టవచ్చు. నల్లవాళ్లు ఎక్కువగా దక్షిణాన, పడమరన ఉంటారు. చిన్నపిల్లల సంరక్షణ, ప్రీస్కూలు బోధన నేర్పే కోర్సు అప్పటిదాకా పలు కాలేజీల్లో ఉండేది. దాన్ని ఉత్తరాన ఉన్న ట్రూమన్‌లో ఒక్కచోటికే చేర్చాలని నిర్ణయించారు. ఆ కోర్సు చదివేది ఎక్కువగా దక్షిణ, పడమటి పేటల మహిళలు. పగలు డే కేర్ కేంద్రాల్లో పనిచేస్తూ సాయంత్రం చదువుకునేవాళ్లు. కంపెనీ దృష్టిలో ఐదారు చోట్ల ఒకే సరుకు తయారుచేయడం దండగ. పాఠం చెప్పేవాళ్ల దృష్టిలో ఆ కోర్సు విలువ అది ఇంటి పక్కన ఉండడంలోనే ఉంది. అవిశ్వాసానికి దారితీసిన నిర్ణయాల్లో ఇది ముఖ్యమైనది.

రెండోది ఫీజు. అంతకుముందు క్రెడిట్‌కు 89 డాలర్ల చొప్పున కట్టేవాళ్లు. ఎంత చదివితే అంత. 2015లో దాన్ని మూడు మెట్లు చేశారు. 12 క్రెడిట్లు గానీ అంతకు మించి గానీ తీసుకుంటే సెమిస్టరుకు 1,753 డాలర్లు. 5 నుంచి 11 వరకు ఎన్ని తీసుకున్నా 1,069. ఒకే కోర్సయితే 599. ఎక్కువ కోర్సులు తీసుకుంటే గిట్టుబాటవుతుంది కాబట్టి పిల్లలు త్వరగా పూర్తిచేస్తారని యాజమాన్యం వాదన. పూర్తికాలం చదవగలిగేవాళ్లకు అది నిజం కూడా. మరి పూర్తికాలం ఎవరు చదవగలరు? ఇంట్లో బాధ్యతలు లేనివాళ్లు. రాత్రి డ్యూటీ చేసి రెండు సబ్జెక్టులే మోయగలిగినామె 89 డాలర్ల లెక్కన 6 క్రెడిట్లకు 534 కట్టే చోట దానికి రెట్టింపు కట్టాల్సి వచ్చింది. ఇక్కడే చూడాల్సిన సంగతి ఒకటుంది. పార్ట్‌టైమ్ విద్యార్థి మానేస్తే గ్రాడ్యుయేషన్ రేటు తగ్గదు. ఆమె లెక్కలోనే లేదు కదా! మనుషులు వెళ్లిపోతున్నా పైకి పోగలిగే అంకె అది.

అదే సంవత్సరం షికాగో స్టార్ స్కాలర్‌షిప్ మొదలైంది. నగర ప్రభుత్వ హైస్కూళ్లలో మంచి గ్రేడు తెచ్చుకున్న పిల్లలకు సిటీ కాలేజీల్లో చదువు ఉచితం. గొప్ప పథకమే, వేలమందికి మేలు చేసింది. దానితోపాటు నిన్న మొన్న స్కూలు వదిలిన, చదువులో ముందున్న కుర్రాళ్లు పూర్తికాలం విద్యార్థులుగా లెక్కలోకి వచ్చారు. రేటు పెరగడానికి ఇదీ ఒక ఊతం. పాఠం మెరుగుపడిందా, పాఠం వినేవాళ్లు మారారా అన్న ప్రశ్నకు స్కోరుకార్డు జవాబు చెప్పదు.

డిగ్రీల సంఖ్య పెరిగిన తీరు మీద కూడా విమర్శ వచ్చింది. క్రెడిట్లు సరిపడా ఉండి ఎప్పుడో వెళ్లిపోయిన పాత విద్యార్థుల రికార్డులు తీసి, వాళ్లు అడగకపోయినా డిగ్రీలు ఇచ్చారు. వాళ్లు చదివిన మాట నిజమే కాబట్టి ఇందులో మోసం లేదని యాజమాన్యం అంది. ఒప్పుకోవచ్చు కూడా. జనరల్ స్టడీస్ అనే డిగ్రీ ఎక్కువమందికి దక్కసాగింది. అటూ ఇటూ పోగైన క్రెడిట్లను ఒక మూటగట్టి ఇచ్చే డిగ్రీ అది. నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారేటప్పుడు గానీ, ఉద్యోగానికి వెళ్లినప్పుడు గానీ దానికి బరువు తక్కువ. ఇవన్నీ నిబంధనల లోపలి పనులే. పై నుంచి ఒకే కొలత పెట్టి, జీతాలనూ కుర్చీలనూ దానికి ముడిపెడితే కింద ఉన్న తెలివైన ఉద్యోగి చేసేది ఇదే. తరగతి గదిని బాగుచేయడం కష్టం, ఏళ్లు పడుతుంది. రికార్డుల గదిని బాగుచేయడం తేలిక.

ఇక అధ్యాపకుల అధికారం మాట. అమెరికా కాలేజీల్లో ఒక ఆనవాయితీ ఉంది: డబ్బు, భవనాలు పాలక బోర్డువి, ఏం బోధించాలి, ఎలా బోధించాలి, డిగ్రీకి ఏం కావాలి అన్నది ప్రధానంగా అధ్యాపకులది. అమెరికా విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం 1966లో దీన్ని ఒక ప్రకటనగా రాసింది.  ఈ హక్కును చాలామంది పంతుళ్ల దర్జా కింద తీసిపారేస్తారు. దాని అసలు ఉపయోగం వేరు. నర్సింగుకు వెళ్లే పిల్లకు ఎంత రసాయనశాస్త్రం కావాలో, ఎక్కడ తడబడుతుందో ఏటా ఆ తరగతిలో నిలబడే మనిషికి తెలుస్తుంది. షికాగోలో రీఇన్వెన్షన్ బృందాల్లో కొందరు అధ్యాపకులను కూర్చోబెట్టిన మాట నిజం. ఏ కోర్సు ఏ కాలేజీలో ఉండాలో, ఏది మూసేయాలో వాళ్లకు చెప్పారే గానీ వాళ్లను అడగలేదన్నది ఫిర్యాదు.

ఇందులో పంతుళ్లంతా ఒక్కమాట మీద లేరు. ఇమాన్యుయేల్ మొదటి పదవీకాలంలో పూర్తికాలం అధ్యాపకుల సంఘం లోకల్ 1600 నాయకత్వం జీతంలో కొంత భాగాన్ని విద్యార్థుల ఫలితాలకు ముడిపెట్టే ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఎదురు నిలిచింది పాఠ్యప్రణాళిక చూసే అధ్యాపక మండలి. మరోపక్క అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు పార్ట్‌టైమ్ వాళ్లు. మన డిగ్రీ కాలేజీల గెస్ట్ లెక్చరర్ల బతుకు తెలిసినవాళ్లకు వాళ్ల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లలు ఎందుకు మానేస్తున్నారని ఇంతగా మథనపడిన సంస్కర్తలు, ఒక ఊళ్లో క్లాసు చెప్పి మరో ఊళ్లో క్లాసుకు పరుగెత్తే ఈ మనుషుల దగ్గర పిల్లలు సందేహం అడగడానికి ఒక గదైనా ఉందా అని అంతగా మథనపడలేదు. కంపెనీ పద్ధతిలోనైనా ఇది పెట్టుబడి పెట్టాల్సిన చోటు.

ఇలాంటి తగువులే అదే కాలంలో వేరే నగరాల్లో వేరే రూపంలో నడిచాయి. న్యూయార్క్ సిటీ విశ్వవిద్యాలయంలో పాత్‌వేస్ అనే ఉమ్మడి పాఠ్యప్రణాళికను పై నుంచి తెచ్చినప్పుడు, 2013లో ఓటేసిన పూర్తికాలం అధ్యాపకుల్లో 92 శాతం అవిశ్వాసం ప్రకటించారు. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ కథ ఇంకా తీవ్రం. గుర్తింపు సంఘం 2013 జూలైలో ఆ కాలేజీ గుర్తింపు మరుసటేడాది రద్దు చేస్తామంది. గుర్తింపు లేకపోతే ఫెడరల్ ఆర్థికసాయం ఆగిపోతుంది, కాలేజీ మూతపడ్డట్టే. ఎత్తిచూపిన తప్పుల్లో ఎక్కువ నిధుల నిల్వ, పాలనావ్యవస్థ లాంటి వాటి మీదే. బోధన బాగాలేదని ప్రధాన ఆరోపణ కాదు. ఎన్నికైన బోర్డు అధికారాలు తీసేసి ఒక ప్రత్యేక ట్రస్టీ చేతిలో పెట్టారు. అధ్యాపకుల సంఘం కేంద్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేసింది, నగర అటార్నీ కోర్టుకెక్కారు. పరిశీలన బృందంలో గుర్తింపు సంఘం అధ్యక్షురాలి భర్త ఉన్నారన్న సంగతి బయటపడింది. ఆ సంఘమే చట్టాన్ని ఉల్లంఘించిందని 2015లో కోర్టు తేల్చింది. 2017 జనవరిలో కాలేజీకి ఏడేళ్ల పూర్తి గుర్తింపు తిరిగి వచ్చింది. ఈలోగా భయపడి మానేసిన వేలమంది మాత్రం తిరిగి రాలేదు.

షికాగోలో హైమన్ 2016 జూన్‌లో తప్పుకుంటానని ప్రకటించారు. మరుసటేడాది హువాన్ సాల్గాడో చాన్సలర్ అయ్యారు. వలసకార్మికుల కుటుంబాలకు చదువు, పని నేర్పే సంస్థను నడిపి వచ్చినాయన. తరువాత ఫీజు మళ్లీ క్రెడిట్ల లెక్కకు వచ్చింది, 146 డాలర్ల చొప్పున. పార్ట్‌టైమ్ విద్యార్థి మీద వేసిన అదనపు భారం అలా కొంత దిగింది. హైమన్ తన అనుభవాన్ని 2018లో పుస్తకంగా వేశారు. పదవిలో ఉన్న ఏళ్లలో ఆవిడకు కలిసిరాని సంగతి ఒకటి చెప్పుకోవాలి: ఇలినాయ్ రాష్ట్రం 2015 జూలై నుంచి రెండేళ్లపాటు పూర్తి బడ్జెటే లేకుండా నడిచింది. కోతల్లో కొన్ని ఆవిడ సిద్ధాంతం వల్ల వచ్చినవి కావు, ఖాళీ ఖజానా వల్ల వచ్చినవి.

నా అంచనా చెబుతాను. ఏడు శాతాన్ని బల్ల మీద పెట్టి ఇది సిగ్గుచేటు అనడం హైమన్ చేసిన మంచి పని. ఆ ఒక్క అంకెనే కాలేజీ మొత్తానికి కొలతగా పెట్టుకోవడం ఆవిడ చేసిన తప్పు. మానేసినవాళ్లు, మారిపోయినవాళ్లు, సాయంత్రం చదివేవాళ్లు, ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎంతమందో, ఎందుకు వెళ్లారో కూడా అదే పట్టుదలతో లెక్కపెట్టి ఉంటే పంతుళ్లలో సగంమంది ఆవిడ వెంటే నడిచేవాళ్లు. అధ్యాపకులు కూడా అవిశ్వాస తీర్మానం దాకా ఆగకుండా, 2010కి ముందే పిల్లలు ఎందుకు రాలిపోతున్నారని తమంత తాము లెక్క తీసి ఉంటే బయటి మనిషి వచ్చి చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

మరి తీర్మానం వల్ల చాన్సలర్ దిగిపోవాల్సిన పని ఉందా అంటే, చట్టప్రకారం లేదు. ఇలినాయ్‌లో మిగతా కమ్యూనిటీ కాలేజీల బోర్డులను ఆయా ప్రాంతాల ఓటర్లు ఎన్నుకుంటారు. షికాగోలో మాత్రం బోర్డును మేయర్ నియమిస్తారు, ఆ బోర్డు చాన్సలర్‌ను నియమిస్తుంది. నగరంలోని స్కూళ్లకు కూడా ఇదే పద్ధతి ఉండేది. దాన్ని మార్చడానికి 2021లో చట్టం చేసి, 2024 నవంబరులో స్కూలు బోర్డుకు తొలిసారి ఎన్నికలు జరిపారు. సిటీ కాలేజీలకు ఆ చట్టం వర్తించలేదు.